ఆకుపచ్చ కర్టెన్ల ఇళ్లు

తలుపుకు మూడు గడియలున్నాయి. మూడింటికీ చిన్న గీత కూడా పడలేదు. గొలుసు కొక్కేనికి దానిపాటికది వేలాడుతోంది. బయట నిలబడింది ఎవరో లోపలినుంచి చూసుకోవడానికి తలుపుకు బిగించిన చిన్న అద్దం కూడా పగల్లేదు. ఇంత పకడ్బందీగా ఉన్న ఇంట్లోకి నిన్న మధ్యాహ్నం ఒక మగవాడు నడుచుకుంటూ వచ్చాడు. లోపలున్న ఆడమనిషి భుజం ఎముక విరిచి, నడుచుకుంటూనే వెళ్లిపోయాడు.

నిదానం ఆ తలుపు ముందు చాలాసేపటినుంచి నిలబడే ఉంది. ఆమెకు ఆ పేరు పెట్టింది ఆడపడుచు. కొత్త కోడలిని టీ పెట్టమంటే, గిన్నె ఒకవైపే ఎందుకు మాడిందో తేల్చుకునేదాకా పొయ్యి వెలిగించలేదట. తర్వాత ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసినంతకాలం ఆ పేరే వెంట వచ్చింది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా వదల్లేదు. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదు.

"మేడమ్ గారు తలుపుతో మాట్లాడటం అయిందా?" అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టర్.

ఈయనకు డిపార్ట్‌మెంటులో మెరుపు అని పేరు. ఏ కేసయినా తెల్లారేలోపు తేల్చేస్తాడని ఆ బిరుదిచ్చారు. తేల్చిన కేసుల్లో సగం కోర్టుకు వెళ్లాక మునిగిపోతాయన్నది వేరే సంగతి. మెరుపు పని మెరవడం వరకే కదా. ఈ కేసులోనూ అంతే. మధ్యాహ్నం దెబ్బలు తగిలితే సాయంత్రానికల్లా ఆమె భర్తను తెచ్చి లాకప్పులో పడేశాడు.

ఇంతకీ అది మామూలు ఇల్లు కాదు. కట్టుకున్నవాడి చేతుల్లోనో, అయినవాళ్ల చేతుల్లోనో దెబ్బలు తిని, పిల్లల్ని చంకనేసుకుని బయటపడ్డ ఆడవాళ్లకు ఒక సంస్థ చూపించే ఇళ్లలో ఒకటి. వచ్చినవాళ్లంతా ముందు కొన్నాళ్లు సంస్థవారి పెద్దింట్లో కలిసి ఉంటారు. ఒంటి మీద గాయాలు మానాక, చేతికేదో పని దొరికాక, ఊళ్లో తలా ఒక మూల చిన్న వాటా అద్దెకు తీసి పెడతారు. మొదటి ఏడాది అద్దె సంస్థే భరిస్తుంది. తలుపులకు గడియలు బిగించి ఇస్తుంది. చిరునామా మాత్రం సంస్థను నడిపే పెద్దక్కకూ, ఆ ఇంట్లో ఉండే మనిషికీ తప్ప మూడోవాళ్లకు తెలియదు. ఒక ఇంట్లో ఉన్నామెకు ఇంకో ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా చెప్పరు.

అంత కట్టుదిట్టంగా దాచిన తలుపును ఒక మగవాడు తట్టాడని తెలిసేసరికి పెద్దక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. నిన్న సాయంత్రమే నిదానం ఆఫీసుకు వచ్చింది. అడిగింది ఒకటే. వాడు ఇంకో తలుపు తట్టేలోపు, ఈ తలుపు ఎలా తెలిసిందో కనిపెట్టమంది.

ఇన్‌స్పెక్టర్ లెక్క ప్రకారం కనిపెట్టడానికేమీ మిగల్లేదు. పెళ్లాం ఇల్లొదిలి పోయింది, మొగుడికి మండింది, సంస్థలో ఎవరో నోరు జారారు, వాడొచ్చి కొట్టాడు. ఆ భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆ వేళకు తాను బస్సు నడుపుతున్నానని, బస్సునిండా జనమున్నారని రాత్రంతా మొత్తుకున్నాడట. మధ్యలో ఎక్కడో ఆపి వచ్చి ఉంటాడని ఇన్‌స్పెక్టర్ చాలా తేలిగ్గా అన్నాడు.

"ప్రయాణికుల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడంటారా?" అంది నిదానం.

"అంటే, వాడు మంచివాడని మీరు సర్టిఫికెట్ ఇస్తున్నారా?"

"మంచివాడని ఎవరన్నారు? పెళ్లాన్ని కొట్టేవాడే. ఆ పిల్ల వీపు మీద పాత మచ్చలున్నాయని పెద్దక్క చెప్పింది. కానీ నిన్న కొట్టింది వాడు కాదు. ఆ అమ్మాయి ఈ అద్దంలోంచి చూడకుండా తలుపు తీయదు. మొగుడి మొహం కనబడితే గొలుసు కూడా తగిలించుకునేది గానీ, వేసి ఉన్న గడియలన్నీ తీసేది కాదు. తీసిందంటే, వచ్చినవాణ్ని చూసి భయపడలేదన్నమాట."

ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాట రుచించలేదు. దెబ్బలు తిన్న మనిషే ఒప్పుకుందనీ, ఆసుపత్రిలో తానే స్వయంగా వెళ్లి, కొట్టింది మీ ఆయనేనా అని అడిగితే తల ఊపిందనీ చెప్పాడు. అంతటితో ఆగకుండా పెద్దక్క మీద పడ్డాడు. అన్ని ఇళ్ల చిరునామాలూ స్టేషన్‌లో ఇమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నామనీ, ఇచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదనీ, ఆవిడకు పోలీసులంటే లెక్కలేదనీ చెప్పుకుపోయాడు.

"ఆ ఇళ్లలో ఒకామె భర్త మీ స్టేషన్‌లోనే పనిచేస్తాడు కదండీ," అంది నిదానం. "ఆయన చేతికే ఇమ్మంటారా?"

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. టోపీ సర్దుకున్నాడు. ఆ సందు చూసుకుని నిదానం లోపలికి నడిచింది.

ముందు గది, వెనక వంటగది, పక్కన స్నానాలగది. అంతే ఇల్లు. పెనుగులాట జరిగింది వంటగదిలో. నీళ్ల బిందె దొర్లిపోయి ఉంది, పింగాణీ పళ్లెం ముక్కలై గోడ పక్కన పడి ఉంది, గట్టు అంచున నెత్తురు ఎండిపోయింది. కానీ గట్టు మీద ఫోన్ ఉన్నచోటే ఉంది. డబ్బా మూతకింద పెట్టుకున్న నోట్లు కదల్లేదు. అలమర తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి, లోపల బట్టల మడత చెదరలేదు. స్నానాలగది తలుపూ తెరిచే ఉంది. వచ్చినవాడు వస్తువు కోసం రాలేదు, మనిషి కోసం వెతికాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలేసి ఇంకెవరి కోసం వెతికాడన్నది నిదానానికి అంతుపట్టలేదు.

ఆమెను ఆపింది ముందు గదిలోని మంచం. దాని మీద కిటికీ కర్టెన్ ఒకటి పరిచి ఉంది. ముదురు ఆకుపచ్చ గుడ్డ, అడుగున పసుపు అంచు. బట్టల కొట్టువాడు గిరాకీకి చీర విప్పి చూపించినట్టు, అంచు కనబడేలా చదునుగా పరిచి ఉంది.

"పెనుగులాటలో ఊడిపోయి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పెనుగులాట వంటగదిలో కదా జరిగింది? పైగా రింగులు ఒక్కటీ తెగలేదు. కడ్డీ దించి, వరసగా తీశాడు. వాడు దీన్ని వెలుతురులో పెట్టి చూశాడు."

"కర్టెన్ చూడ్డానికి వచ్చాడా? బాగుంది. అయితే దర్జీలనందర్నీ అరెస్టు చేద్దాం," అని నవ్వి, తన భర్తగారిని రిమాండుకు పంపే పని చూసుకోవాలంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. తన భర్తగారు అన్నాడేగానీ, ఆయన ఉద్దేశం బస్సు డ్రైవరని నిదానానికి అర్థమైంది. పట్టుకున్న ముద్దాయి మీద ఆ మనిషికి అంత మమకారం.

ఆసుపత్రిలో ఆ అమ్మాయి కిటికీ పక్క మంచం మీద ఉంది. బేకరీలో పనిచేస్తుంది కాబట్టి పెద్దింట్లో అందరూ ఆమెను బేకరీ అమ్మాయి అంటారు. భుజానికి కట్టు, దవడకు కట్టు. మాట గుసగుసగా వస్తోంది. కూతురు బడికి వెళ్లిన వేళ కావడంతో ఆ పసిదానికి ఏమీ కాలేదు, ఇప్పుడు పెద్దక్క దగ్గరే ఉంది. ఆ కబురు ముందు చెప్పి, ఆ కళ్లలో కంగారు తగ్గాక నిదానం కుర్చీ దగ్గరకు లాక్కుంది.

మొదట ఆ తల ఊపడం గురించి అడిగింది.

"నాకేం తెలీదక్కా," అంది బేకరీ అమ్మాయి. "మందు మత్తులో ఉన్నాను. ఎవరేం అడిగినా ఊపాను. నీళ్లు కావాలా అంటే ఊపాను, నొప్పిగా ఉందా అంటే ఊపాను."

మెరుపుగారి కేసు అక్కడితో కూలిపోయింది. ఆ సంతోషం నిదానానికి ఎంతోసేపు నిలవలేదు. వచ్చినవాడి గురించి ఒక్కొక్క ముక్కే రాబట్టింది. ముందెప్పుడూ చూడని మనిషి. తనకంటే చిన్నవాడే. చేతిలో పనిముట్ల సంచి ఉంది. కింది వాటాలోకి నీళ్లు కారుతున్నాయని, పైపు చూసి వెళ్తానని, అక్కా అని పిలిచి మరీ మర్యాదగా అడిగాడు. నిజంగానే అంతకుముందు కింది వాళ్లు నీళ్ల గురించి ఒకసారి అడిగారు కూడా. అందుకే తీసింది. వాడు లోపలికి రాగానే వంటగది చూశాడు, స్నానాలగది చూశాడు. పైపుల జోలికి పోలేదు. అలమర తెరిచేసరికి ఆమెకు అనుమానమొచ్చింది. బయటికి పొమ్మంది.

"అప్పుడేమన్నాడు? వాడు అన్న మాట అన్నట్టుగానే చెప్పు."

బేకరీ అమ్మాయి కళ్లు మూసుకుంది. "మా అమ్మ ఏది, అన్నాడు."

నిదానం సరిగా వినలేదేమో అనుకుంది. మళ్లీ చెప్పమంది.

"మా అమ్మ ఏది, ఎక్కడ దాచావు, అన్నాడక్కా. మీ అమ్మెవరో నాకు తెలీదన్నాను. నన్ను జుట్టు పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లాడు. కర్టెన్ తీసి మంచం మీద పరిచాడు. మా అమ్మ కుట్టిన కర్టెన్ నీ ఇంట్లో ఎందుకుందే అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. వదిలించుకుని వంటింట్లోకి పరిగెత్తి అరిచాను. వెనకాలే వచ్చాడు."

నిదానానికి నిలువుగుడ్లు పడ్డాయి. నిన్నటినుంచీ అందరూ మొగుళ్ల చుట్టూనే తిరిగారు. పోలీసులు మొగుణ్ని పట్టుకున్నారు, పెద్దక్క మొగుళ్ల పేర్లే తలుచుకుని వణికింది, తాను కూడా దారి పొడుగునా ఎవరి మొగుడై ఉంటాడా అనే ఆలోచించింది. ఒక కొడుకు తల్లిని వేటాడుతూ రావచ్చన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. వాడికి కావలసిన మనిషి ఈ అమ్మాయి కాదు. ఇల్లు పొరబడ్డాడు. పొరబడ్డవాడు ఇంటికి పోయి ఊరుకోడు, సరైన ఇల్లు దొరికేదాకా తిరుగుతాడు.

నిదానం అక్కణ్నుంచి ఆటోలో నేరుగా పెద్దింటికి వెళ్లింది.

పెద్దింటి కుట్టుగదిలో మిషన్లు ఆగి ఉన్నాయి. నిన్నటి కబురుతో ఎవరికీ పని సాగడం లేదు. నలుగురైదుగురు ఆడవాళ్లు ఒకచోట చేరి కూర్చున్నారు. గోడవార ఆకుపచ్చ గుడ్డ తానులు నిలబెట్టి ఉన్నాయి. చూడగానే నిదానం కాళ్లు గడపలోనే ఆగిపోయాయి.

పెద్దక్క పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. ఆ తానుల గురించి అడిగితే ఆమెకు మొదట అర్థం కాలేదు. ఏదో మిల్లు మూతపడుతూ మిగిలిన సరుకంతా సంస్థకు దానం చేసిందట. ఆ రంగు బజారులో ఎవరూ కొనకపోవడం వల్లే వాళ్లకు అంత దానబుద్ధి పుట్టి ఉంటుంది. ఆ గుడ్డతో ఈ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరైనా సొంత వాటాకు వెళ్తుంటే, ఉన్నవాళ్లంతా కలిసి ఆమెకు కర్టెన్లు కుడతారు. మిషను రానివాళ్లు కూడా సూదితో నాలుగు పోగులైనా వేయాలి. ఉత్త ఆకుపచ్చ దిగులుగా ఉందని పసుపు అంచు వేయాలన్నదీ వాళ్ల ఆలోచనే. పుట్టింటివాళ్లు సామాను సర్ది పంపినట్టుగా ఉంటుందని, కొత్త ఇంట్లో మొదటిరోజు దాన్ని పట్టుకుని ఏడ్చినవాళ్లున్నారని చెబుతూ పెద్దక్క కాస్త తేరుకుంది కూడా.

"ఈ గుడ్డ ఇంకెక్కడైనా దొరుకుతుందా?" అంది నిదానం.

"దొరకదు. ఉన్నదంతా మన దగ్గరే."

"మీ ఇళ్లన్నిటికీ ఇవే కర్టెన్లా?"

"అన్నిటికీ ఇవే."

"పగలు కూడా మూసే ఉంచుతారా?"

"భయం కదండీ. మూసే ఉంచమని నేనే చెప్తాను."

నిదానం కిటికీ దగ్గరికి వెళ్లి ఎదురు వీధి చూపించింది. ఎండ మాడిపోతోంది. గాలి కోసం ప్రతి ఇంటి కిటికీ బార్లా తెరిచి ఉంది. ఇలాంటి వీధిలో ఒకే ఒక్క కిటికీ మూసి, దానికి ఊళ్లో ఇంకెక్కడా లేని రంగు కర్టెన్ వేలాడుతుంటే కనిపెట్టడానికి చిరునామా ఎందుకు?

పెద్దక్కకు అప్పుడు అర్థమైంది. అన్ని ఇళ్లకూ గుర్తు పెట్టింది తామే. రాత్రికి రాత్రి వాహనాలు మార్చి, దొంగదారుల్లో తిప్పి తీసుకెళ్లి దింపిన ప్రతి మనిషి కిటికీకీ ప్రేమగా ఒక జెండా కట్టి వచ్చారు. ఆమె గోడ పట్టుకుని నిలబడింది. ఎవరో కుర్చీ తెచ్చారు, కూర్చోలేదు.

"ఈ ఇంట్లో ఉండి వెళ్లినవాళ్లలో ఎదిగిన కొడుకున్నది ఎవరు?" అంది నిదానం.

అందరివీ పసిపిల్లల కాపురాలే. ఒక్క మామ్మగారు తప్ప. ఏడాది కిందట చెయ్యి విరిగి వచ్చిన ముసలావిడ. మొగుడు తాగొచ్చి కొడతాడని చెప్పింది. ఈ సంస్థ ఎవరినీ రుజువు అడగదు. దెబ్బ తిన్న మనిషిని పట్టుకుని సాక్షులున్నారా అని అడిగేవాళ్లు బయట చాలామంది ఉన్నారు కాబట్టి, ఇక్కడ అడగకూడదని పెద్దక్క నియమం. అది మంచి నియమమే. ఆ ముసలావిడ చెప్పిందంతా నమ్మారు, చెయ్యి బాగయ్యాక ఒక వాటా చూపించారు.

"కానీ ఆవిడ కొడుకు మంచివాడండీ," అంది పెద్దక్క. "ఆవిడకు వాడంటే ప్రాణం. వారం వారం ఇక్కడినుంచే ఫోన్ చేసేది. మా పద్ధతి ప్రకారం నేను పక్కన కూర్చునే..."

ఏదో గుర్తొచ్చి ఆమె నిదానం వైపు చూసింది.

మిషన్ దగ్గర కూర్చున్న ఒకామె అంతసేపూ తల వంచుకునే ఉంది. ఇప్పుడు ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిదానం వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుంది. అడక్కముందే ఆమే చెప్పింది. మామ్మగారికి మొగుడు లేడు. కొడుకు బడికి వెళ్లే రోజుల్లోనే పోయాడు. చెయ్యి విరిచింది ఆ కొడుకే. ఈ సంగతి ఒకరోజు కర్టెన్ కుడుతూ ఆవిడే చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కొడుకని తెలిస్తే పోలీసులు పట్టుకుపోతారు, చచ్చినవాణ్ని ఎవరేం చేస్తారు అందట.

నిదానం పెద్దక్క వైపు తిరిగింది.

"ఫోన్‌లో ఏం మాట్లాడేది?" అంది నిదానం మెల్లగా.

"తిన్నావా అని అడిగేది. వీధి పేరు, ఇంటి గుర్తులు ఏవీ చెప్పకూడదని ముందే చెప్తాను. ఆవిడ ఎప్పుడూ తప్పలేదు. ఎక్కడున్నావని వాడు అడిగినా చెప్పేది కాదు." పెద్దక్క ఇందాకటి కుర్చీలో కూర్చుంది. "వెళ్లేముందు చివరి ఫోన్‌లో... నాకిల్లు ఇస్తున్నారు నాన్నా, ఆకుపచ్చ కర్టెన్లు, పసుపు అంచు నేనే కుట్టాను, చాలా బాగున్నాయి అంది. నేను పక్కనే ఉన్నాను. విని నవ్వాను కూడా. ఎంత మురిసిపోతోందో అనుకున్నానండీ."

ఆమెను ఓదార్చే తీరిక నిదానానికి లేదు. అన్ని ఇళ్లకూ ఫోన్లు చేసి కర్టెన్లు దించమని, ఎవరొచ్చినా తలుపు తీయొద్దని చెప్పమంది. అవి చేస్తుండగానే తాను ఇన్‌స్పెక్టర్‌కు చేసింది. ఆయన కోర్టు వరండాలో ఉన్నాడు. అంతా విన్నాడు.

"పొద్దున కర్టెన్ అన్నారు, ఇప్పుడు కొడుకంటున్నారు. సాయంత్రానికి మనవడి దగ్గరికి వస్తారా? రిమాండు అయ్యాక మాట్లాడదాం మేడమ్," అని పెట్టేశాడు.

ఈలోగా పెద్దక్క అందరితోనూ మాట్లాడింది. మామ్మగారు మాత్రం ఫోన్ ఎత్తలేదు.

పెద్దక్క గుర్తులు చెప్పి పంపిన ఆ వాటా ఒక పాత ఇంటి వెనకవైపు ఉంది. సందులోంచి వెళ్తే కిటికీ ముందు కనబడుతుంది. ఆకుపచ్చ కర్టెన్ ఒకపక్కకు జరిపి, కిటికీ తెరిచి ఉంది. నిదానం గబగబా ముందుకు నడిచింది. తలుపు తట్టకముందే తెరుచుకుంది. గుమ్మంలో సన్నగా, పొట్టిగా ఒక ముసలావిడ నిలబడి ఉంది. నవ్వుమొహం. కళ్లజోడులో ఒక అద్దం నిలువునా పగిలి ఉంది.

పెద్దక్క పంపిందని నిదానం చెప్పగానే ఆవిడ లోపలికి రమ్మని, వంటగదిలో పీట వేసి, తాను కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. ఒక్క మనిషికి ఎక్కువయ్యేటన్ని కాయలు. పెద్దక్క ఎలా ఉందని, కుట్టుగదిలో కొత్తవాళ్లెవరైనా వచ్చారా అని అడిగింది. ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, మోత మోగకుండా నొక్కి పెట్టానంది.

"మామ్మగారూ, మీరిప్పుడే నాతో బయల్దేరాలి. సామాను తర్వాత తెప్పిద్దాం," అంది నిదానం.

"ఎక్కడికమ్మా? ఇప్పుడు కదలాల్సిన పనేముంది?"

"మీ అబ్బాయి మిమ్మల్ని వెతుకుతున్నాడు. నిన్న ఇంకొకామె ఇంట్లో దూరి, ఆ పిల్ల భుజం..."

"తెలుసమ్మా. చెప్పాడు."

మామ్మగారు కాయ తొడిమ తీసి పక్కన పెట్టింది.

"కావాలని చేయలేదట. ఆ పిల్ల కేకలు పెట్టేసరికి కంగారుపడ్డాడట. వాడికి కంగారెక్కువ. ఆ పిల్లకెలా ఉంది, తగ్గుతుందా?"

"మీకెప్పుడు చెప్పాడు?"

"పొద్దున. కర్టెన్ చూసుకుంటూ వీధి వీధీ తిరిగి పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ అంతే, తెలివికేం లోటులేదు." ఆ మాట అంటున్నప్పుడు ముసలావిడ మొహంలో కనబడింది భయం కాదు. గర్వం. ఇన్నేళ్లలో ఎందరో హంతకుల మొహాలు చూసిన నిదానం ఆ గర్వాన్ని చూడలేక చూపు తిప్పుకుంది. తిప్పుకున్న చూపు గది తలుపు దగ్గర ఆగింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. గడప పక్కన మగవాళ్ల చెప్పులు ఒకటి బోర్లా, ఒకటి సరిగా పడి ఉన్నాయి.

"మీ కళ్లజోడు ఎలా పగిలింది?"

మామ్మగారు ఇంకో కాయ అందుకుంది. తరిగే చెయ్యి ఆగలేదు.

"కాస్త మెల్లగా మాట్లాడు తల్లీ," అంది. "రాత్రంతా తిరిగాడు కదా. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది."

బయటి తలుపు నిదానం వెనక ఉంది. దానికీ పీటకూ మధ్య ఎంత దూరమో చూడకుండానే తెలుస్తోంది. ఈ ముసలావిడను ఎత్తుకుని పరుగెత్తగలనా అని ఒక్క క్షణం పిచ్చి ఆలోచన వచ్చింది. లేచి, వంగి, ఆవిడ మణికట్టు పట్టుకుంది. రండి అని పెదవులతోనే అంది.

"ఎవరే అది?" అన్నాడు గదిలోంచి.

గొంతు నిద్రమత్తులో బొంగురుగా ఉంది. ఆ ఒక్క మాటకు మామ్మగారి మొహం మీది నవ్వు ఎవరో తుడిచేసినట్టు పోయింది. తల్లిని అలా పిలిచే కొడుకు గొంతును ఆవిడ ఎన్ని వేలసార్లు విని ఉంటుందో. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. నిదానం పట్టుకున్న మణికట్టు గడగడ వణుకుతోంది.

"ఎవరూ లేరు నాన్నా," అంది మామ్మగారు. గొంతులో మాత్రం వణుకు లేదు. "నాలో నేనే మాట్లాడుకుంటున్నాను. పడుకో."

అని, నిదానం చెయ్యి విడిపించుకుని, ఆమెను రెండు చేతులతో బయటి తలుపు వైపు తోసింది.

"వెళ్లిపో తల్లీ. నిన్ను చూస్తే ఊరుకోడు. అయినవాళ్లని తెచ్చుకో, పోలీసుల్ని తెచ్చుకో, ఎవర్నైనా తెచ్చుకో."

"మీరూ రండి."

"నేనొస్తే వాడు అందరి ఇళ్లకూ తిరుగుతాడమ్మా. నేనిక్కడుంటే ఇక్కడే ఉంటాడు."

గదిలో మంచం కిర్రుమంది. నేల మీద పాదాలు ఆనిన చప్పుడు స్పష్టంగా వినబడింది. నిదానం కదల్లేదు. మామ్మగారు పగిలిన కళ్లజోడు సరిచేసుకుని, ముందుకు వచ్చి, ఆమెకూ ఆ గది తలుపుకూ మధ్య నిలబడింది.